అంటు, ఆపద్ధర్మం, నగరం: మహమ్మారి తరువాత మిగిలిన ఒక నైతిక ప్రశ్న

హైదరాబాదు పుట్టుకను గురించి ప్రచారంలో ఉన్న ఐతిహ్యాలలో ఒకటి ప్లేగుతో ముడిపడినది. ప్రజలను పీడిస్తున్న మహమ్మారి తొలగిపోతే తాను ప్రార్థన చేసిన చోటనే ఒక కట్టడం నిలుపుతానని మహమ్మద్ కులీ కుతుబ్ షా మొక్కుకున్నాడనీ, ఆ మొక్కే 1591లో చార్మినార్ రూపం దాల్చిందనీ ఆ కథ. చరిత్రకారులందరూ దీనిని అంగీకరించరు. హిజ్రీ శకం వెయ్యవ సంవత్సరాన్ని పురస్కరించుకొని కట్టినదని చెప్పేవారున్నారు, కొత్త నగరానికి నడిబొడ్డుగా నిలపడానికే కట్టినదని చెప్పేవారూ ఉన్నారు. ఆ వాదాల నిగ్గు తేల్చడం ఈ వ్యాసం పని కాదు. ఒక నగర ప్రజ తన ఊరి పుట్టుకను మహమ్మారి నుంచి బయటపడిన కృతజ్ఞతగా ఊహించుకున్నదన్న విషయమే ఇక్కడ ప్రధానం. మొక్కు అంటే ఆపదలో చేసిన వాగ్దానం. ఆపద తీరాక దానిని చెల్లించాలి. చెల్లించనివాడిని మన లోకం మన్నించదు.

2020లో వచ్చిన మహమ్మారి వేళ నగరం ఏదైనా మొక్కుకున్నదా? మొక్కుకుని ఉంటే ఎవరికి? ఈ వ్యాసంలో విచారించదలచిన ప్రశ్న ఇది. మహమ్మారి అనంతర నగరం గురించి ఇంతవరకు జరిగిన చర్చలో జనసాంద్రత, ఇంటి నుంచి పని, గాలి వెలుతురు, ప్రజారవాణా వంటి అంశాలే ఎక్కువగా కనిపిస్తాయి. అవి అవసరమైనవే. కాని వాటి వెనుక ఒక ధర్మసందేహం ఉంది. ప్రణాళికావేత్తలు దానిని తమ పరిధిలోకి రానిదిగా వదిలేశారు. సాహిత్య విద్యార్థులమైన మనకు దానిని వదిలేసే వీలు లేదు. ఎందుకంటే ఆ సందేహం మన భాషలోని ఒక చిన్న మాటలోనే దాగి ఉంది.

మాటలోని రెండు దారులు

ఆ మాట 'అంటు'. తాకడం దాని మూలార్థం. అక్కడి నుంచి అది ఎన్ని దారులు పట్టిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. తాకితే వచ్చేది అంటువ్యాధి. తాకకూడదని ఒక మనిషిని దూరం పెట్టడం అంటరానితనం. భోజనం చేశాక తోమవలసిన గిన్నెలు అంట్లు. నిప్పు రాజుకుంటే అంటుకున్నదంటాం. ఇవన్నీ ఒక వైపు. ఇక రెండో వైపు తోటమాలి మాట ఉంది. ఒక చెట్టు కొమ్మను మరొక చెట్టు కాండానికి చేర్చి కడితే అది అంటు కట్టడం. రెండు గాయాలు ఒకదానికొకటి ఆనినచోట కొత్త జీవం పడుతుంది. రోగానికీ, అస్పృశ్యతకూ, అంటుమామిడికీ ఒకే మాట వాడుతున్న భాష మనది. భాష తీర్పు చెప్పదు. తాకిడి వల్ల కలిగే కీడునూ మేలునూ ఒకే మాటలో ఉంచి ఊరుకుంటుంది. వేరు చేసుకోవడం మాట్లాడేవారి బాధ్యత.

నగరం అంటే నిజానికి అంటు కట్టిన చెట్టు. ఎక్కడెక్కడి ఊళ్ళ కొమ్మలో వచ్చి ఒక కాండానికి అతుక్కుంటాయి. అందువల్లనే అంటువ్యాధి కూడా మొదట నగరంలోనే పాకుతుంది. ఈ రెండింటినీ విడదీయడం సాధ్యం కాదు. తాకిడి లేని నగరం కావాలనుకోవడం, కొమ్మా కాండమూ ఒకదానినొకటి ముట్టకుండా అంటు కట్టాలనుకోవడం వంటిది.

2020 మార్చిలో మనకు తెలిసివచ్చిన మొదటి కొత్త పదబంధం 'సామాజిక దూరం'. పత్రికలు, గోడరాతలు, ఫోనులో వినిపించే ప్రకటనలు అన్నీ దానిని పలికాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే నెల 20వ తేదీ నాటికే 'భౌతిక దూరం' అనే మాటకు మళ్ళింది. తెలుగులోనూ ఆ మార్పు కొంత ఆలస్యంగా వచ్చింది. కాని అప్పటికే మొదటి మాట నాటుకుపోయింది. అది నాటుకోవడానికి కారణం అది కొత్తది కాకపోవడమే. సమాజం దూరాన్ని పాటించడం మన దేశంలో ఎవరూ నేర్పవలసిన విద్య కాదు. ఊరికి వాడను దూరంగా ఉంచిన చరిత్రకు ఆ పదబంధం ఒక్కసారిగా వైద్యశాస్త్రపు ముద్ర వేసినట్లయింది.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పవలసి వస్తున్నది. అప్పుడు నేను ఎం.ఏ. చదువుతున్నాను. మార్చి నెలాఖరులో హాస్టళ్ళు మూతపడ్డాయి. హైదరాబాదులోని విద్యార్థులు, చిన్న ఉద్యోగులు వేలమంది ఊళ్ళకు వెళ్ళడానికి అనుమతి పత్రాల కోసం పోలీసు స్టేషన్ల ముందు వరుసకట్టారు. ఆంధ్రప్రదేశ్‌కు బయలుదేరినవారు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర రాత్రంతా రోడ్డు మీదే నిలిచిపోయారు. నేను తెలంగాణలోనే ఉన్న మా ఊరికి చేరగలిగాను గాని పొలిమేరలో ముళ్ళకంప అడ్డం వేసి ఉంది. ఆ రోజుల్లో రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నో ఊళ్ళు ఇలాగే కంచెలు వేసుకున్నాయి. వరసకు పెదనాయన అయ్యే పెద్దమనిషి కంప అవతల నిలబడి, "బిడ్డా, నిన్ను రావద్దంటలేం. బడిల పద్నాలుగొద్దులు ఉండి రా" అన్నాడు. అమ్మ ప్రతి పూటా సద్దిగిన్నె బడిగోడ మీద పెట్టి పది అడుగులు వెనక్కి జరిగి నిలబడేది. నేను తీసుకున్నాక, "తిన్నవా కొడుకా" అని అక్కడి నుంచే అడిగేది. మొదటి రెండు రోజులు నాకు అవమానంగా అనిపించింది. మూడో రోజు తట్టింది, గోడ మీద గిన్నె పెట్టి వెనక్కి జరగడం మా ఊరికి కొత్త కాదని. కొందరి ఇళ్ళ ముందు కొందరికి అన్నం అలాగే పెట్టేవారు. నేను ఆ కొందరిలో పుట్టినవాణ్ణి కాను. నాకు పద్నాలుగు రోజులకు తీరిపోయినది వారికి తరాలుగా తీరలేదు.

ఈ విషయం ఎందుకంటే, మహమ్మారి తరువాత నగరాల రద్దీని ఈసడించి పల్లెకు తిరిగి వెళ్ళడమే పరిష్కారమన్న మాట ఆ రోజుల్లో బాగా వినిపించింది. పల్లె మీద ఎంత ప్రేమ ఉన్నా ఆ మాటను నేను అంగీకరించలేను. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామం గురించి చేసిన కటువైన విమర్శ అందరికీ తెలిసినదే. ఆ విమర్శలో నగరం పట్ల ఆశ కూడా ఉన్నది. నగరంలో బస్సు సీటులో పక్కన కూర్చున్నవాడి కులం తెలియదు. ఇరానీ హోటల్లో ఒకే కప్పు అందరి పెదవులకూ అందుతుంది. సినిమా హాలు చీకటిలో మోచేతులు తగులుతాయి. గ్రామంలో ఎవరి తాకిడిని నిషేధించారో వారికి నగరపు తొక్కిసలాట ఒక విముక్తి. నగరం ఆ విముక్తిని పూర్తిగా ఇవ్వలేదనీ, అద్దె ఇల్లు అడిగినప్పుడు ఇంటిపేరు ఆరాతీస్తారనీ ఎవరూ కాదనరు. ఇచ్చినంత మేరకైనా అది ఎక్కువ మందికి మొదటిసారి దొరికినది. కనుక నగరంలో దూరం పెరగడం అందరికీ ఒకే నష్టం కాదు. దూరం నుంచి తప్పించుకోవడానికే నగరానికి వచ్చినవారికి అది రెట్టింపు నష్టం.

ఈ సందర్భంలో జాషువా 1941 నాటి 'గబ్బిలం' కావ్యం గుర్తుకు రాకమానదు. గుడిలో అడుగు పెట్టే హక్కు లేని కథానాయకుడు తన మొర శివుడికి వినిపించమని ఒక గబ్బిలాన్ని వేడుకుంటాడు. మనిషికి లేని ప్రవేశం ఆ జీవికి ఉంది. దానిని ఎవరూ అంటరానిదనరు. 2020లో అదే గబ్బిలం వైరస్‌ను మోసిన జీవిగా అనుమానానికి గురై లోకమంతటికీ అంటరానిదయింది. కాలం చేసిన ఈ తారుమారును కేవలం చమత్కారంగా చూడనవసరం లేదు. ఎవరు మలినం, ఎవరు శుద్ధం అన్న నిర్ణయం తాకిడి స్వభావాన్ని బట్టి జరగదనీ, నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉన్నదో దానిని బట్టి జరుగుతుందనీ జాషువా అప్పుడే చూపించాడు.

ఇప్పుడు దూరం అనే ధర్మాన్ని పరిశీలిద్దాం. ఆ రోజుల్లో దూరం పాటించడం కర్తవ్యం, సందేహం లేదు. ప్రాణం కాపాడే కర్తవ్యం. కాని దానిని పాటించగలిగినవారు ఎవరు? ఇంట్లో గది ఉన్నవారు, నెల తిరిగేసరికి జీతం బ్యాంకులో పడేవారు, నీళ్ళ కోసం వీధి కుళాయి దగ్గర నిలబడవలసిన అవసరం లేనివారు. వారు దూరంగా ఉండగలగడానికి మరొకరు దగ్గరగా రావలసి వచ్చింది. సరుకులు మోసుకొచ్చిన యువకుడు, చెత్తబండి నడిపిన కార్మికుడు, ఆసుపత్రిలో పక్కలు మార్చిన ఆయా, శ్మశానంలో కట్టెలు పేర్చినవాడు లేకపోతే ఎవరి దూరమూ ఒక్క వారం నిలిచేది కాదు. ఒకరి దూరం మరొకరి సామీప్యంతో కొన్నది. అందరూ చేయగలిగినప్పుడే ఒక పనిని అందరి కర్తవ్యమనగలం. కొందరు చేయడానికి మరికొందరు చేయకుండా ఉండక తప్పనిది కర్తవ్యమయినా అది అప్పు కూడా అవుతుంది. చప్పట్లు కొట్టడంతో, పళ్ళేలు మోగించడంతో ఆ అప్పు తీరదని అప్పుడే చాలామందికి తోచింది.

ఆపద్ధర్మం ఎంతవరకు?

2020 మే 1 తెల్లవారుజామున లింగంపల్లి స్టేషన్ నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు ఒక రైలు బయలుదేరింది. అందులో దాదాపు 1200 మంది వలస కార్మికులు ఉన్నారు. లాక్‌డౌన్ మొదలయ్యాక వలస కార్మికుల కోసం నడిచిన మొదటి ప్రత్యేక రైలు అదే. ఆ రోజు మేడే కావడం యాదృచ్ఛికం. సంగారెడ్డి దగ్గర కందిలో ఒక ఉన్నత విద్యాసంస్థ భవనాలు కడుతున్న కార్మికులు ఇంటికి పంపమని, జీతాలు ఇమ్మని రెండు రోజుల ముందు ఆందోళనకు దిగారు. రైలులో ఉన్నవారు వారే. వారం తిరగకముందే, మే 8న, ఔరంగాబాద్ సమీపంలో పట్టాల మీద నిద్రపోయిన 16 మంది కార్మికుల మీదుగా గూడ్సు బండి వెళ్ళింది.

నడిచిపోతున్న ఆ జనాన్ని చూసినప్పుడు తెలుగు పాఠకులలో ఎంతోమందికి శ్రీశ్రీ 'బాటసారి' గుర్తుకు వచ్చింది. ఆ పోలిక సహజమే గాని అందులో ఒక తేడా ఉంది, దాని మీద మనం నిలబడి ఆలోచించలేదు. ఆ కవితలోని యువకుడు తల్లి మాట కాదని బతుకు కోసం పట్నానికి బయలుదేరి దారిలో పడిపోతాడు. అతనికి పట్నం అందదు. 2020లో నడిచినవారు పట్నం అందినవారు. పట్నాన్ని తమ చేతులతో కట్టినవారు. వారిని అక్కడ ఉండనివ్వగల ఇల్లు, పని, మాట సాయం నలభై రోజులకు కూడా ఆ పట్నంలో దొరకలేదు. బాటసారికి ఊళ్ళో ఎదురుచూసే తల్లి ఉంది. ఎదురుచూసే మనిషి నగరంలో ఎవరికి ఉన్నారు? మన వలస సాహిత్యం ఊరు విడిచిన దుఃఖాన్ని ఎంతో గాఢంగా చెప్పింది. నగరం తనవాణ్ణి విడిచిన దుఃఖం అనే వస్తువు దానిలో ఇంకా పూర్తిగా రూపుదిద్దుకోలేదు, ఎందుకంటే నగరానికి 'తనవాడు' ఉంటాడన్న ఊహే మనకు బలంగా లేదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. తెలంగాణలో ఉన్న ఇతర రాష్ట్రాల కార్మికులకు మనిషికి 12 కిలోల బియ్యం లేదా గోధుమపిండి, 500 రూపాయలు ఇస్తామని ముఖ్యమంత్రి మార్చి చివరలోనే ప్రకటించారు. ఎన్నో స్వచ్ఛంద సంస్థలు, మసీదులు, గురుద్వారాలు, గుళ్ళు, మామూలు మనుషులు అన్నం వండి పంచారు. దీనిని తక్కువ చేయకూడదు. కాని దీనిని ఏమని పిలవాలి? మన సంప్రదాయంలో దీనికి సరిపోయే మాట ఆపద్ధర్మం.

మహాభారత శాంతిపర్వంలోని ఆపద్ధర్మ ప్రకరణంలో విశ్వామిత్రుడి కథ ఒకటి భీష్ముడు ధర్మరాజుకు చెబుతాడు. పన్నెండేళ్ళ అనావృష్టి. ఆకలితో అల్లాడుతున్న మహర్షి ఒక చండాలవాటికకు వెళ్ళి, రాత్రి వేళ ఒక ఇంట కుక్క మాంసం దొంగిలించబోతాడు. ఇంటివాడు మేలుకొని వద్దని వారిస్తాడు. మీరు ఋషులు, ఇది మీకు తగదని ధర్మం బోధిస్తాడు. బతికి ఉంటేనే ధర్మం చేయగలనని మహర్షి వాదిస్తాడు. చివరకు మాంసం తీసుకుపోతాడు. తరువాత వానలు కురుస్తాయి, మహర్షి తపస్సుతో దోషం పోగొట్టుకుంటాడు. సాధారణంగా ఈ కథను ప్రాణరక్షణ కోసం నియమం సడలవచ్చుననడానికి ఉదాహరిస్తారు. నాకు ఈ కథలో ఎప్పుడూ అడ్డుపడేది దాని ముగింపు. వానలు పడ్డాక ఆ చండాలుడు ఏమయ్యాడు? ఆపదలో అతని ఇల్లు మహర్షికి ఇల్లయింది, అతని తిండి మహర్షికి తిండయింది. అన్నిటికన్నా మించి, ధర్మం తెలిసిన మాట ఆ రాత్రి అతని నోటనే వెలువడింది. ఆపద తీరగానే మహర్షి మహర్షిగా, చండాలుడు చండాలుడిగా మిగిలారు. ఆపద్ధర్మం నియమాన్ని తాత్కాలికంగా సడలిస్తుందే గాని నియమాన్ని ప్రశ్నించదు. గడువు తీరిన మరుక్షణం పాత ధర్మం యథాస్థానానికి వస్తుంది. సడలింపు వల్ల లాభపడినవాడికి ప్రాయశ్చిత్తం ఉంది. సడలింపుకు చోటిచ్చినవాడికి మాత్రం ఏమీ లేదు.

మహమ్మారి వేళ నగరం చేసిన సాయాన్ని ఈ వెలుగులో చూడాలి. ఆ సాయమంతా దయగా వచ్చింది. దయ తప్పు కాదు. కాని దానిలో కొంత భాగం దయ కాదు, అంతకుముందే చట్టం రాసిపెట్టిన బాకీ. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం మరో రాష్ట్రం నుంచి కూలీలను తెచ్చుకున్న కాంట్రాక్టరు వారి వివరాలు నమోదు చేయాలి, స్థానభ్రంశ భత్యం ఇవ్వాలి, రానుపోను ప్రయాణ ఖర్చు భరించాలి, ఉండడానికి తగిన వసతి చూపాలి. ఈ చట్టం అమలయి ఉంటే 2020 మే నెలలో రైలు టిక్కెట్టు ఎవరు కొనాలన్న వివాదం పుట్టేదే కాదు. ఆ వివాదం తేలక, కార్మికుల నుంచి ఛార్జీలు వసూలు చేయరాదని మే 28న సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. నలభై ఏళ్ళుగా హక్కుగా కాగితం మీద ఉన్నది ఆపద రాగానే దానంగా ప్రత్యక్షమైంది. ఇది ఆపద్ధర్మానికి తలకిందులైన రూపం. శాంతిపర్వంలో ఆపద నియమాన్ని సడలించింది. ఇక్కడ మామూలు రోజుల్లో ఎవరూ పాటించని నియమంలోని ఒక ముక్క ఆపదలో, అదీ వేరే పేరుతో, అమలుకు వచ్చింది. ఆపద తీరాక ఆ ముక్క కూడా పోయింది. అదే ఏడాది సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త కార్మిక స్మృతిలో 1979 చట్టాన్ని కలిపివేసినప్పుడు ప్రయాణ భత్యం మిగిలింది గాని స్థానభ్రంశ భత్యం మిగలలేదు. ఆ నెలలోనే, ఇళ్ళకు వెళుతూ మరణించిన వలస కార్మికుల లెక్కలు తమ వద్ద లేవని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. లెక్కలేనివాడికి బాకీ ఎవరు చెల్లిస్తారు?

కట్టినవారు, ఉన్నవారు

మహమ్మారి తరువాత నగరాలు మారడం కొత్త కాదు. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. ఆ మరుసటి ఏడాది వచ్చిన అంటువ్యాధుల చట్టాన్నే 2020లో కూడా ఆశ్రయించాం. 1898లో ఏర్పడిన బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఇరుకు బస్తీలను కూల్చి వెడల్పయిన రోడ్లు వేసింది. కూల్చినన్ని ఇళ్ళు తిరిగి కట్టలేదన్నది దాని మీద మిగిలిన విమర్శ. ఆ నగరంతో మనకు ఒక సంబంధం ఉంది. అక్కడి కామాఠీపురా పేరు హైదరాబాదు సంస్థానం నుంచి రాళ్ళు కొట్టడానికి, ఇళ్ళు కట్టడానికి వెళ్ళిన కామాటి కూలీల వల్ల వచ్చింది. వారిలో ఎక్కువమంది తెలుగువారు. కట్టినవారి పేరు ఆ పేటకు మిగిలింది, పేరుకు మాత్రం వేరే అపకీర్తి అంటుకుంది.

హైదరాబాదు చరిత్ర కొంత భిన్నం. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. దాని వెంటే ప్లేగు వచ్చింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఉర్దూలో దాని పేరు ఆరాయిష్-ఎ-బల్దా. ఆరాయిష్ అంటే అలంకరణ. రోగం నుంచి పుట్టిన సంస్థకు అలంకరణ అని పేరు పెట్టడంలో ఒక ధోరణి వ్యక్తమవుతుంది. మన ప్రబంధకవుల పురవర్ణన కూడా అలంకరణే. అష్టాదశ వర్ణనల్లో మొదటిది నగరం. కోటలు, అగడ్తలు, మేడలు, నాలుగు వర్ణాలవారు, వారకాంతలు, పూలమ్మే పుష్పలావికలు అందులో కొలువుతీరతారు. మేడ కట్టినవారికీ, వీధి ఊడ్చినవారికీ ఆ సంప్రదాయం చోటు కేటాయించలేదు. అయినా బోర్డు చేసినదంతా అలంకరణే అనలేం. రోడ్లు, పత్తర్‌గట్టి వంటి బజార్లతో పాటు పేదలకు వరుస ఇళ్ళు కూడా కట్టించింది. పడగొట్టినచోట మళ్ళీ ఎవరుంటారన్న ప్రశ్న దానికి కొంతైనా తెలుసు. ఆ కాలం మనకు మరొక మాటను కూడా ఇచ్చింది. నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని పాతతరం నేటికీ 'కోరంటి దవాఖానా' అనే అంటారు. క్వారంటైన్ అన్న మాటను జనం తమ నాలుకకు అంటు కట్టుకున్నారు. దూరం పెట్టే మాట కూడా వాడగా వాడగా ఇంటిమాట అయింది.

ఇప్పటి ప్రతిపాదనల్లో బాగా ప్రచారం పొందినది 'పావుగంట నగరం'. కార్లోస్ మోరెనో రూపొందించిన ఈ ఊహను పారిస్ మేయర్ ఆన్ ఇదాల్గో 2020 ఎన్నికల్లో తన కార్యక్రమంగా ముందుకు తెచ్చారు. పని, బడి, అంగడి, ఆసుపత్రి, పార్కు అన్నీ ఇంటి నుంచి పదిహేను నిమిషాల నడకలోనో సైకిలు దూరంలోనో ఉండాలన్నది దాని సారం. మంచి ఊహే. కాని హైదరాబాదు పడమటి శివార్లలో ఆ నగరం ఇప్పటికే ఒక విధంగా ఉంది. ఎత్తయిన గోడల గేటెడ్ కమ్యూనిటీకీ, దాని వెనుక రేకుల షెడ్ల బస్తీకీ మధ్య నడక దూరం పావుగంట కూడా ఉండదు. ఆ బస్తీ నుంచి ప్రతి ఉదయం స్త్రీలు అంట్లు తోమడానికి, పిల్లలను ఎత్తుకోవడానికి, ముసలివారికి స్నానం చేయించడానికి లోపలికి వెళతారు. మహమ్మారి మొదలవగానే ఎన్నో అపార్టుమెంటు సంఘాలు మొదట ఆపినది వారినే. తిరిగి రానిచ్చినప్పుడు కొన్నిచోట్ల వారికి వేరే లిఫ్టు చూపించారు. రోగం విమానంలో వచ్చింది, అనుమానం కాలినడకన వచ్చినవారి మీద పడింది. కనుక నగరంలో దూరాన్ని నిమిషాల్లో కొలవడం చాలదు. గేటు దగ్గర ఎవరిని ఆపి పేరు రాయిస్తారు, ఎవరిని చూసి గేటు దానంతట అది తెరుచుకుంటుంది అన్నది కూడా దూరమే.

ఈ వాదానికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది. వలస వచ్చినవారు నగరాన్ని తమదిగా కోరుకోలేదు గదా, వారి మనసంతా ఊరి మీదే, సంపాదించినది ఊరికే పంపుతారు, చివరకు ఊళ్ళోనే ఇల్లు కట్టుకుంటారు. కోరని బంధాన్ని నగరం మీద రుద్దడం ఎందుకు? ఇందులో నిజం లేకపోలేదు. పాలమూరు నుంచి తరతరాలుగా ముంబయికి, పూణేకు, ఆనకట్టలు కట్టే చోటికల్లా వెళ్ళినవారిని అడిగితే మాది పాలమూరే అంటారు గాని మాది బొంబాయి అనరు. కాని ఋణం అనేది బాకీదారు చేసుకున్న ఉపకారం వల్ల పుడుతుంది, ఇచ్చినవాడి కోరిక వల్ల కాదు. నగరాన్ని ప్రేమించకపోయినా దానిని కట్టినవాడికి నగరం బాకీ పడే ఉంటుంది. పైగా ఊరి మీద మనసుండడానికీ, నగరంలో ఉండే చోటు లేకపోవడానికీ మధ్య కార్యకారణ సంబంధం ఎటు నుంచి ఎటు నడుస్తుందో తేల్చకుండా మొదటిదానిని రెండోదానికి సమర్థనగా చూపడం న్యాయం కాదు. నిలువ నీడ లేనివాడు నీడ ఉన్న చోటును తలచుకుంటాడు. దానిని మనం ఊరి మీద మమకారమని పేరు పెట్టి పద్యాలు రాస్తున్నామేమో.

పాలమూరు ప్రస్తావన ఊరికే తేలేదు. నిన్నటిదాకా కూలీలను పంపిన నేల నేడు కూలీలను పిలుచుకుంటున్నది. ఒడిశా, ఝార్ఖండ్, బీహార్, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చినవారు కోకాపేట, నార్సింగి వైపు నలభై, యాభై అంతస్తుల మీద వేలాడుతున్నారు. వలస బాధ ఎలా ఉంటుందో పాటల్లో, కథల్లో నేర్చుకున్న సమాజానికి ఆ బాధను మరొకరి ముఖంలో గుర్తుపట్టే శక్తి ఎక్కువ ఉండాలి. ఉన్నదా? మన వలస సాహిత్యాన్ని బోధించేటప్పుడు దానిని మన దుఃఖానికి సాక్ష్యంగా మాత్రమే చదువుతున్నామా, మనకు చేసిన హెచ్చరికగా కూడా చదువుతున్నామా అన్నది తెలుగు శాఖల్లో పనిచేసేవారు తమను తాము అడగవలసిన మాట.

'పౌరుడు' అన్న పదం 'పురం' నుంచి వచ్చింది. పురంలో ఉండేవాడు పౌరుడు. ఆధునిక రాజ్యం ఆ మాటను దేశమంతటికీ విస్తరించింది గాని పురంలోనే దాని అర్థం ఇంకా పూర్తి కాలేదు. 2021లో జరగవలసిన జనగణన మహమ్మారి వల్ల వాయిదా పడింది. అందువల్ల ఈ నగరంలో ఎవరెవరు ఉన్నారన్న ప్రశ్నకు మన దగ్గర ఉన్న అధికారిక సమాధానం 2011 నాటిది. ఆ తరువాతే ఆ ఎత్తయిన గోపురాలు లేచాయి, వాటి కింద రేకుల షెడ్లు లేచాయి. తరువాతి గణన తేదీ 2027గా నిర్ణయించారు. ఆ సంవత్సరం గణకులు ఆ షెడ్ల ముందు నిలబడి తలుపు తడతారు. ఉన్నవాడి పేరు, వయసు, చదువు, పుట్టిన ఊరు, అక్కడ ఎన్నాళ్ళుగా ఉంటున్నాడో రాసుకుంటారు. తెలుగులో మనం కొత్త మనిషిని మొదట అడిగేది "మీదే ఊరు?" అని. ఆ షెడ్డులో ఉన్నవాడికి ఆ ప్రశ్న హిందీలోనో ఒడియాలోనో చేరుతుంది. అతను ఒక క్షణం ఆలోచించి, తన వెనుక సగం లేచిన భవనం వైపు చూడకుండానే, ఎక్కడో ఉన్న ఒక పల్లె పేరు చెబుతాడు.